పేరు సరే, వేలిముద్ర ఏది?

"మీ సాఫ్ట్‌వేర్లో ఏమేం ఉన్నాయో చెప్పండి" అని క్లయింటు అడుగుతాడు. మనం ఒక ఎక్సెల్ షీటు పంపుతాం. అందులో మూడు కాలమ్‌లు ఉంటాయి. లైబ్రరీ పేరు, వర్షన్, లైసెన్సు. ఈమధ్య దీనికి ఎస్‌బామ్ అని ఒక గంభీరమైన పేరొచ్చింది. సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్ అన్నమాట, కిరాణా కొట్టు చీటీ లాంటిదే. క్లయింటు సెక్యూరిటీ టీము దాన్ని ఒక ఫోల్డర్లో పడేసుకుంటుంది, ఆడిటరు టిక్కు కొడతాడు, అందరూ హాయిగా ఇళ్ళకెళ్ళిపోతారు.

నా గొడవల్లా ఒక్కటే. ఆ షీటులో ఉన్నది మన సాఫ్ట్‌వేర్లో ఏముందో కాదు, ఏముందని మనం అనుకుంటున్నామో అది. ఈ రెండూ ఒకటే అనుకుని మన వాళ్ళు ఏళ్ళ తరబడి సంతకాలు పెట్టేస్తున్నారు.

చదువురాని వాణ్ణి వేలిముద్రగాడు అని ఎగతాళి చెయ్యడం మనకి అలవాటు. కానీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి పొలమో ఫ్లాటో రాయించుకునేటప్పుడు, ఎంత పెద్ద డిగ్రీ ఉన్నవాడైనా సంతకంతో పాటు వేలిముద్ర కూడా వెయ్యాల్సిందే. ఎందుకంటే ఆ పేరుతో ఊళ్ళో పదిమంది ఉంటారు. మా ఇంజినీరింగ్ క్లాసులోనే ముగ్గురు సాయికిరణ్‌లు ఉండేవాళ్ళు. అటెండెన్స్ ఒకడికి పడాల్సింది ఇంకొకడికి పడితే పెద్ద నష్టం లేదు. పొలం విషయంలో అలా కుదరదు కదా. మరి ప్రొడక్షన్ సర్వర్లో నడిచే ఫైలు విషయంలో ఎలా కుదురుతోంది?

ఫైలు వేలిముద్ర అంటే హాష్. దీన్ని తెలుగులో ఏదో "సంక్షిప్త గుప్త సారం" అనాలని ఎవరైనా అంటే వాళ్ళకో నమస్కారం, నేను హాష్ అనే అంటాను :) షా-256 కి ఏ ఫైలు ఇచ్చినా 64 హెక్స్ అంకెల వరస ఒకటి ఇస్తుంది. ఫైల్లో ఒక్క బిట్ మారితే ఆ వరస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఫైలు పేరు మార్చండి, ఫోల్డరు మార్చండి, పెన్‌డ్రైవులో వేసి ఊరు దాటించండి, వరస మాత్రం అదే ఉంటుంది. ఇదంతా మీకు తెలిసిందే, ఇంటర్వ్యూల్లో చెప్పి కూడా ఉంటారు. నా బాధ తెలియకపోవడం గురించి కాదు, తెలిసీ వాడకపోవడం గురించి.

"ఈ వరస ఫలానా ప్రాజెక్టు ఫలానా రోజు విడుదల చేసిన ఫైలుది" అని రాసిపెట్టుకున్న పట్టిక ఒకటి ఉంటే చాలు, చేతిలో ఉన్న ఫైలు ఏదో గుర్తుపట్టొచ్చు. అలాంటి పట్టికలు బోలెడున్నాయి, పైగా ఉచితం. డెబియన్ ప్యాకేజీల సూచికలో ప్రతి ప్యాకేజీకీ షా-256 ఉంటుంది. పైపీఐలో ప్రతి ఫైలు పక్కనా ఉంటుంది. మేవెన్ సెంట్రల్లో ప్రతి జార్ పక్కనా షా-1 ఫైలు ఉంటుంది. గూగుల్ వాళ్ళ డెప్స్ డాట్ డెవ్ అయితే హాష్ ఇస్తే అది ఏ ప్యాకేజీదో ఏపీఐ ద్వారా చెబుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ నడిపే నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ పనే ఇది. ఫోరెన్సిక్స్ వాళ్ళు ఒక హార్డ్‌డిస్క్ స్వాధీనం చేసుకున్నప్పుడు అందులో లక్షల ఫైళ్ళుంటాయి. వాటిలో విండోస్‌తో వచ్చినవీ ఆఫీసుతో వచ్చినవీ ఏవో ఈ లైబ్రరీ హాషులతో పోల్చి పక్కన పెట్టేసి, మిగిలినవాటి మీద కూర్చుంటారు. ఫైలు పేరు చూసి పక్కన పెట్టరు. నేరస్థుడు తన ఫైలుకి కెర్నల్ 32 డీఎల్ఎల్ అని పేరు పెట్టుకోగలడని వాళ్ళకి తెలుసు.

మనకెందుకు తెలీదు?

2021 డిసెంబరు గుర్తుండే ఉంటుంది. లాగ్4జే. సీవీఈ-2021-44228 బయటపడి ఊరూవాడా గగ్గోలెత్తింది డిసెంబరు 10న, సరిగ్గా శుక్రవారం నాడు. ఆ తరువాత నెల తిరక్కుండా 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 అని నాలుగు విడుదలలు. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) ఆ వీకెండు అన్ని టీములకీ ఒక షీటు వచ్చింది. "లాగ్4జే వాడుతున్నారా? అవును/కాదు. సోమవారం పొద్దున పదింటికల్లా నింపాలి." అంతే. ఏ ఫైలు, ఏ సర్వరు, ఎలా చూశారు, ఏమీ లేదు. చాలామంది పామ్ ఫైలు తెరిచి, కంట్రోల్ ఎఫ్ కొట్టి, కనబడకపోతే "కాదు" అని రాసేశారు. తాము వాడే లైబ్రరీ వాడే లైబ్రరీ వాడే లైబ్రరీలో అది ఉందా అని చూసినవాళ్ళు తక్కువ. వెండరు ఇచ్చిన ప్రొడక్టుకి అసలు పామ్ ఫైలే ఉండదు. దాని ఎదురుగా "వెండరుని అడగాలి" అని రాసుంది. వెండరు ఏం చేసుంటాడంటారు? వాడి పామ్ ఫైలు తెరిచి వాడు కంట్రోల్ ఎఫ్ కొట్టుంటాడు.

కాస్త బుర్ర పెట్టినవాళ్ళు సర్వర్ల మీద "లాగ్4జే-కోర్" అనే పేరుతో మొదలయ్యే జార్‌ల కోసం వెతికారు. ఇది నయమే కానీ ఇందులోనూ నమ్ముతున్నది పేరునే. పేరు ఎన్ని రకాలుగా మోసం చేస్తుందో లాగ్4జే కథలోనే మొత్తం ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

మొదటిది, జార్ లోపల జార్. స్ప్రింగ్ బూట్ తయారుచేసే పెద్ద జార్‌లో లైబ్రరీ జార్‌లన్నీ లోపల ఒక ఫోల్డర్లో యథాతథంగా ఉంటాయి. బయటనుంచి పేరు వెతికితే ఒక్కటీ కనపడదు. కానీ తెరిచి లోపలివాటికి హాష్ తీస్తే ఆపాచీ విడుదల చేసిన 2.14.1 హాష్ అక్షరం పొల్లుపోకుండా దొరుకుతుంది. ఈఏఆర్ లోపల వార్, వార్ లోపల జార్, జార్ లోపల జార్... ఉల్లిపాయ వలిచినట్టు వలుచుకుంటూ పోవాలి, అంతే.

రెండోది, షేడింగ్. పదిహేను లైబ్రరీల క్లాసులన్నీ విప్పి ఒకే జార్‌లో కుమ్మరించేస్తారు. ఇప్పుడు లోపల కూడా జార్ లేదు. అయినా క్లాసు ఫైళ్ళున్నాయి కదా, వాటికి విడివిడిగా హాష్ తీయొచ్చు. జేఎన్‌డీఐ లుకప్ క్లాసు ఫైలు బైట్లు మారకుండా వచ్చుంటే దాని హాష్ పట్టిచ్చేస్తుంది. అదే రీలొకేషన్ చేసి ప్యాకేజీ పేరు మార్చారనుకోండి, ఆ కొత్త పేరు క్లాసు ఫైలు లోపలికి కూడా వెళుతుంది కాబట్టి బైట్లు మారతాయి, హాష్ మారుతుంది. అప్పుడు దొరకదు. ఈ మాట దాచను, దీని సంగతి కింద చెప్తాను.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. అప్‌గ్రేడ్ చెయ్యడం కుదరనివాళ్ళు జార్‌లోంచి ఆ జేఎన్‌డీఐ లుకప్ క్లాసు ఒక్కదాన్నీ తీసెయ్యండి అని ఆపాచీ వాళ్ళే సలహా ఇచ్చారు. జిప్ కమాండు ఒక్క లైను. చాలామంది తీసేశారు కూడా. ఇప్పుడు ఫైలు పేరేంటి? లాగ్4జే-కోర్-2.14.1 జార్. తీయకముందు పేరేంటి? అదే. ఒక సర్వర్లో తీశారు, పక్క సర్వర్లో మర్చిపోయారు. షీటులో రెండిటికీ ఒకే పేరు, ఒకే వర్షన్. పేరు చూసేవాడికి రెండూ ఒకటే, హాష్ చూసేవాడికి రెండూ వేరు. ఒకటి ఆపాచీ విడుదల చేసిన ప్రమాదకరమైన ఫైలు, ఇంకొకటి ఎవరో చెయ్యిపెట్టిన ఫైలు. సరైన క్లాసే తీశారా, ఇంకేమన్నా కెలికారా అన్నది అప్పుడు తెరిచి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ రీలొకేషన్ సంగతి. హాష్‌తో వెతికితే అక్కడ దొరకదన్నాను. కానీ హాష్ ఇచ్చిన జవాబేంటో చూడండి. "ఈ ఫైలు నాకు తెలీదు" అంటుంది. పేరుతో వెతికితే వచ్చే జవాబు "ఇక్కడ లాగ్4జే లేదు". ఈ రెండు జవాబులకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. తెలీదు అన్నదాన్ని పట్టుకుని మనిషి కూర్చుని చూస్తాడు. లేదు అన్నదాన్ని ఫోల్డర్లో పెట్టి ఇంటికెళ్ళిపోతాడు. సెక్యూరిటీలో మన కొంపలు ముంచింది తెలీని ఫైళ్ళ కన్నా లేవనుకున్న ఫైళ్ళే ఎక్కువ.

ఈ మాటంటే వెంటనే వచ్చే ఆక్షేపణ, "హాష్ మరీ పెళుసు బాబూ" అని. అదే కోడు, అదే కంపైలరు, ఇవాళ ఒకసారి రేపొకసారి బిల్డ్ చేస్తే రెండు హాషులొస్తాయి, దాంతో ఏం గుర్తుపడతాం అంటారు. ఇది పనికిమాలిన ఆక్షేపణేం కాదు. 2021 జూలైలో అమెరికాలో ఎన్‌టీఐఏ వాళ్ళు ఎస్‌బామ్‌లో కనీసం ఉండాల్సినవంటూ ఏడు అంశాలు ప్రకటించినప్పుడు వాటిలో హాష్ లేదు. ఉంటే మంచిదని సిఫార్సు చేసి వదిలేశారు. అక్కణ్ణించే మన వాళ్ళకీ "అమెరికా వాడే అడగలేదు, మనకెందుకు" అన్న ధైర్యం వచ్చింది.

కానీ పెళుసుదనం ఎవరిదో చూడండి. రెండుసార్లు బిల్డ్ చేస్తే రెండు ఫైళ్ళొస్తున్నాయంటే, నిజంగానే అవి రెండు ఫైళ్ళు. జార్ అంటే జిప్పే కాబట్టి లోపల ప్రతి ఫైలుకీ టైమ్‌స్టాంప్ ఉంటుంది, అది మారింది. అంతేనా, ఇంకేమన్నా మారిందా? మీకు తెలుసా? తెలిస్తే ఆ టైమ్‌స్టాంప్ ఒక్కదాన్నీ కట్టేసి మళ్ళీ బిల్డ్ చెయ్యండి. మేవెన్‌లో దానికో ప్రాపర్టీ ఉంది, ఔట్‌పుట్ టైమ్‌స్టాంప్ అని, ఒక్క లైను. డెబియన్ వాళ్ళు వేల ప్యాకేజీల మీద ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. థర్మామీటరు జ్వరం చూపిస్తోందని థర్మామీటర్ని విసిరికొడితే ఎలా?

ఏది హాష్ చెయ్యాలో తెలియకుండా చేస్తే మాత్రం ఎదురుదెబ్బ తగులుతుంది. 2023 జనవరి 30న గిట్‌హబ్‌లో అదే జరిగింది. రిపో పేజీలో "సోర్స్ కోడ్" అని కనబడే టార్‌బాల్ ఎవరో అప్‌లోడ్ చేసిన ఫైలు కాదు, అడిగినప్పుడల్లా గిట్‌హబ్ అప్పటికప్పుడు వండి వడ్డించేది. గిట్ కొత్త వర్షన్లో కంప్రెషన్ చేసే తీరు మారింది. లోపలి కోడు అదే, బయటి బైట్లు మారాయి. ఆ టార్‌బాల్ హాష్‌ని కాన్ఫిగ్‌లో రాసుకున్న వాళ్ళందరి బిల్డులూ ఒక్కసారిగా కూలాయి. గిట్‌హబ్ ఆ రోజే వెనక్కి తగ్గింది. దీన్ని హాష్‌కి వ్యతిరేకంగా ఉదాహరణగా చెప్తుంటారు. నాకైతే తిరగేసి కనిపిస్తుంది. మీరు తెచ్చుకుంటున్న ఫైలు మారినా తెలియకుండా నడిచే బిల్డు కావాలా, మారిన క్షణాన ఆగిపోయే బిల్డు కావాలా?

పేరు నమ్మితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 2025 మార్చికి రండి. గిట్‌హబ్ యాక్షన్లలో టీజే-యాక్షన్స్ వాళ్ళ చేంజ్డ్-ఫైల్స్ అని ఒకటుంది, 23,000 పైచిలుకు రిపోల్లో వాడుతున్నారు. దాడి చేసినవాడు కొత్త వర్షనేమీ విడుదల చెయ్యలేదు. పాత ట్యాగులు, అంటే వర్షన్ పేర్లు, ఎప్పణ్ణించో అందరూ నమ్మి వాడుకుంటున్నవి, అన్నిటినీ తన చెడ్డ కమిట్ వైపుకి తిప్పేశాడు. ట్యాగు పేరు రాసుకున్నవాళ్ళ బిల్డు లాగుల్లోకి వాళ్ళ రహస్యాలు వచ్చి పడ్డాయి. పేరుకి బదులు పాత కమిట్ హాష్ రాసుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు. వాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళేం కాదు, చూడ్డానికి అందవికారంగా ఉన్న నలభై అంకెల వరసని భరించారు, అంతే. డాకర్‌లో "లేటెస్ట్" అని రాసి ప్రొడక్షన్‌కి పంపేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటా. ఇవాళ్టి లేటెస్టూ నిన్నటి లేటెస్టూ ఒకటే అని ఎవరు మాటిచ్చారు?

ఇందులో ఇంకో విషాదం ఏంటంటే, ఈ పని మన చేత చేయించడానికి టూల్సు ఎప్పుడో సిద్ధమయ్యాయి. పిప్‌కి హాషులు తప్పనిసరి చేసే ఆప్షన్ 2016 నుంచి ఉంది. ఎన్‌పీఎమ్ లాక్ ఫైల్లో ప్రతి ప్యాకేజీకీ షా-512 దానంతటదే రాసిపెడుతుంది. గో భాషలో అయితే 2019 నుంచి ప్రపంచమంతటికీ కలిపి ఒక పబ్లిక్ చెక్‌సమ్ డేటాబేసే ఉంది. మనం ఏం చేస్తాం? లాక్ ఫైల్లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తే "అది డిలీట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ కొట్టు" అని పక్క సీటువాడికి సలహా ఇస్తాం. ఆ ఒక్క డిలీట్‌తో ఏడాదిగా పోగేసిన వేలిముద్రల దస్తావేజు చెత్తబుట్టలో పడుతుంది. ఇంకొందరు మహానుభావులు లాక్ ఫైల్ని గిట్‌ఇగ్నోర్‌లో పెట్టేస్తారు. మేవెన్ 3 అయితే హాష్ సరిపోకపోతే డిఫాల్టుగా ఒక వార్నింగ్ పడేసి ముందుకెళ్ళిపోతుంది. ఆ వార్నింగుని మీలో ఎంతమంది చూశారు? మన బిల్డు లాగుల్లో వార్నింగులు చదివేవాడికి గుడి కట్టాలి.

చదివేవాడు ఒక్కడుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. కోడ్‌కవ్ అని టెస్ట్ కవరేజీ చూపించే సర్వీసు. వాళ్ళ బ్యాష్ అప్‌లోడర్ స్క్రిప్టుని వేల కంపెనీల సీఐ సిస్టంలు కర్ల్‌తో తెచ్చుకుని నేరుగా బ్యాష్‌లోకి పోసేసేవి. 2021 జనవరి 31 నుంచి ఆ స్క్రిప్టులో ఎవరో ఒక లైను కలిపారు. సీఐ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ, అంటే పాస్‌వర్డులూ టోకెన్లూ, వాళ్ళ సర్వరుకి పంపించే లైను. రెండు నెలలు ఎవరికీ అనుమానం రాలేదు. పేరు అదే, చిరునామా అదే, పని కూడా బాగానే చేస్తోంది. ఏప్రిల్ 1న ఒక కస్టమరు, గిట్‌హబ్‌లో ప్రకటించిన హాష్‌కీ తను డౌన్‌లోడ్ చేసుకున్న స్క్రిప్టు హాష్‌కీ పొంతన లేదేంటి అని కోడ్‌కవ్ వాళ్ళకి చెప్పాడు. అంతే, మొత్తం బయటపడింది. పెద్ద పెద్ద సెక్యూరిటీ ప్రొడక్టులు కొనుక్కున్న కంపెనీలు కూడా ఆ కస్టమర్లలో ఉండే ఉంటాయి. పట్టుకున్నది మాత్రం ఒక షా సమ్ కమాండు. ఆ హాష్ స్క్రిప్టు ఉన్నచోట కాకుండా గిట్‌హబ్‌లో ఉండటం వల్లే పని జరిగింది. ఫైలూ దాని హాషూ ఒకే సర్వర్లో ఉంటే, ఫైలు మార్చగలిగినవాడికి పక్కనున్న హాష్ మార్చడం ఎంతసేపు?

ఇక రెండో పక్షం. వీళ్ళతో నాకు ఇంకా పెద్ద పేచీ. "హాష్ సరిపోయింది, కాబట్టి సేఫ్" అనేవాళ్ళు.

అయ్యా, వేలిముద్ర సరిపోతే వచ్చినవాడు ఫలానా సుబ్బారావు అని తెలుస్తుంది. సుబ్బారావు మంచివాడని తెలియదు. 2024లో ఎక్స్‌జెడ్ వ్యవహారం చూడండి. 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లో బ్యాక్‌డోర్ పెట్టినవాడు బయటి దొంగ కాదు, రెండేళ్ళు ఓపిగ్గా పనిచేసి ఆ ప్రాజెక్టు మెయింటెయినర్ అయినవాడు. కంచే చేను మేసింది. బ్యాక్‌డోర్‌ని లేపే ఎం4 ఫైలు గిట్ రిపోలో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. డిస్ట్రోలు ఆ టార్‌బాల్ తెచ్చుకున్నాయి, హాష్ రాసుకున్నాయి, హాషులన్నీ బ్రహ్మాండంగా సరిపోయాయి. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటి అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి మార్చి 29న బయటపడింది. అంతకుముందు 2020లో సోలార్‌విండ్స్ ఓరియన్‌ది కూడా ఇదే వరస. బిల్డ్ సిస్టంలోనే కలిపేశారు కాబట్టి కంపెనీ సంతకంతో సహా అన్నీ సక్రమంగా ఉన్నాయి.

మరి హాష్ ఎందుకు అంటారా? ఎక్స్‌జెడ్ బయటపడిన ఆ రాత్రి ప్రపంచంలో ప్రతి టీముకీ ఒకటే ప్రశ్న, "మా దగ్గర ఇదుందా?" హాషులు రాసుకున్నవాళ్ళు ఒక్క వెతుకులాటతో జవాబిచ్చారు. రాసుకోనివాళ్ళు మళ్ళీ ఎక్సెల్ షీటు తిప్పారు. నిస్ట్ వాళ్ళు తమ లైబ్రరీ గురించి ఈ విషయం స్పష్టంగానే చెప్తారు. అందులో ఉన్నవి "తెలిసిన" ఫైళ్ళే తప్ప "మంచి" ఫైళ్ళు కావు, హ్యాకింగ్ స్క్రిప్టులూ స్టెగనోగ్రఫీ టూల్సూ కూడా ఉన్నాయని. తెలియడం వేరు, మంచిదవడం వేరు. ముందు ఎవరో తెలిస్తే, మంచివాడా కాదా అన్నది తరువాత విచారించుకోవచ్చు. ఎవరో తెలియకుండానే మంచివాడని రాసిచ్చేది మన షీటు.

ఏ హాష్ అన్న తగవు కూడా ఒకటుంది, త్వరగా తేల్చేస్తాను. ఎండీ5కి 2004లోనే ఒకే హాష్ వచ్చే రెండు ఫైళ్ళు చూపించారు, 2012లో బయటపడ్డ ఫ్లేమ్ మాల్వేరు ఆ లోపంతోనే మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ని ఫోర్జరీ చేసింది. షా-1కి 2017లో గూగుల్, సీడబ్ల్యూఐ వాళ్ళు రెండు పీడీఎఫ్‌లతో అదే పని చేసి చూపించారు. 2030 చివరికల్లా షా-1ని పూర్తిగా వదిలెయ్యమని నిస్ట్ చెప్పింది. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ రెండు ఫైళ్ళనీ ఒకడే ముందుగా ప్లాన్ చేసి తయారుచేసుకుంటేనే ఇది కుదురుతుంది. ఆపాచీ వాళ్ళు ఎప్పుడో విడుదల చేసిన జార్ హాష్‌కి సరిపోయేలా ఇంకొకడు కొత్తగా ఫైలు తయారుచెయ్యడం ఎండీ5లో కూడా ఇప్పటికీ ఆచరణలో సాధ్యం కాలేదు. అందుకని పాత పట్టికలో షా-1 మాత్రమే ఉంటే దాంతో పాత ఫైలుని గుర్తుపట్టుకోండి, తప్పులేదు. కొత్తగా రాసుకునేది మాత్రం షా-256. వెండరు ఇవాళ కొత్త ఫైలుకి ఎండీ5 ఒక్కటే ఇస్తే తిప్పి పంపండి.

ఇప్పుడిక సాకులు కూడా అయిపోతున్నాయి. మన సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఎస్‌బామ్ మార్గదర్శకాలు విడుదల చేసింది, ఉండాల్సిన అంశాల్లో హాష్‌ని కూడా చేర్చింది. అమెరికాలో సీసా కూడా 2025 ఆగస్టులో అభిప్రాయాల కోసం పెట్టిన ముసాయిదాలో దాన్ని కనీస అంశాల్లోకి తెచ్చింది. అంటే నాలుగో కాలమ్ రాబోతోంది. మన వాళ్ళు దాన్ని ఎలా నింపుతారో కూడా నేను చూశాను. ఒక వెండరు పంపిన షీటులో మూడు వేరువేరు ఫైళ్ళకి ఒకే హాష్ ఉంది. ఈ3బీ0సీ442 అని మొదలవుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి అది గాయత్రీ మంత్రంలా నోటికొచ్చుంటుంది, అది ఖాళీ ఫైలు షా-256. డౌన్‌లోడ్ ఫెయిలై సున్నా బైట్ల ఫైళ్ళు మిగిలాయి, స్క్రిప్టు వాటికే శ్రద్ధగా హాష్ తీసింది, ఎవరూ చూడలేదు, డైరెక్టరు స్థాయి మనిషి సంతకం పెట్టాడు. పేర్లూ వర్షన్లూ మాత్రం ముచ్చటగా ఉన్నాయి! ఒక రకంగా ఆ కాలమ్ తన పని చేసినట్టే. అది లేకపోతే ఆ షీటు వెనక అసలు ఏ ఫైళ్ళూ లేవన్న సంగతి నాకు తెలిసేదే కాదు.

మన దేశంలో ఈ విషయం అర్థం చేసుకున్నవాళ్ళు ఎవరో తెలుసా? చట్టం రాసినవాళ్ళు. 1872 నాటి ఎవిడెన్సు చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఒక ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని నమూనా చట్టం చివరున్న షెడ్యూలులో ఉంది. అందులో హాష్ విలువ రాయడానికి చోటుంది, ఏ పద్ధతో చెప్పడానికి షా1, షా256, ఎండీ5, ఇతర అని టిక్కు పెట్టే గళ్ళున్నాయి. ఏదో గొడవ కేసులో ఫోన్లోని వీడియో సాక్ష్యంగా ఇవ్వాలన్నా ఈ ఫారం నింపాల్సిందే. కోట్ల రూపాయల బ్యాంకింగ్ అప్లికేషన్‌కి రిలీజ్ నోట్సు రాసే మనం మాత్రం పేరూ వర్షనూ రాసి ఊరుకుంటాం.

పోయిన నెల రెన్యూవల్‌కి వచ్చిన ఒక వెండరుకి ఈ మాటే మర్యాదగా రాశాను. మీ ఇన్‌స్టాలర్‌కీ, లోపలున్న ప్రతి లైబ్రరీకీ షా-256 ఇవ్వండి, మా సర్వర్లో ఉన్నవాటితో పోల్చుకుంటాం అని. నాలుగు రోజులకి జవాబొచ్చింది. "మీరడుగుతున్నది లైసెన్సు కీ గురించేనా?" అని.

మళ్ళీ రాశాను.